నాలుగు

లొంగోనాట్ కొండ వెనక ఇంకా తెల్లారలేదు.
ఆవిరి గొట్టాల మీద మంచు తడి,
వాటి పక్కన వెచ్చదనానికి చేరిన రెండు జీబ్రాలు.
మూడో టర్బైన్ ఆగి ఇవాళ్టికి ఆరో రోజు.

జెరోటిచ్ ప్యానెల్ తలుపు తీసి
మోకాళ్ళ మీద కూచుంది.
అరచేతిలో ఇమిడే బూడిదరంగు పెట్టె,
దాని మొహాన రెండు చిన్న మరలు:
ఒకటి మొదలు చెప్పేది, ఒకటి కొస చెప్పేది.
టార్చి పట్టుకోవడం నా ఉద్యోగం.

వాల్వ్ కాడకి కట్టిన సన్నటి కడ్డీ
తీగచుట్టల నడుమ జారుతుంది,
దేన్నీ తాకకుండా.
తాకితే అరుగుతుందట.
అటొక చుట్ట, ఇటొక చుట్ట.
కడ్డీ సరిగ్గా నడిమికొస్తే
ఇద్దరూ సమంగా లాగిన తాడులా
మీటరు సున్నా దగ్గర ఆగుతుంది.
"ఇది ఖాళీ సున్నా కాదు," అంది,
"లోపల పెద్ద గొడవే జరుగుతోంది."

ఓలే న్కారు వచ్చాడు, చేతిలో ఎనామిల్ కప్పు.
ఇరవై రెండేళ్ళుగా ఈ వాల్వుని
అరచెయ్యి ఆనించి చదివినవాడు.
కాడ మీద ఆకురాయితో తనే గీసిన రెండు గీతలు:
ఇక్కడికొస్తే మూత, అక్కడికెళ్తే బార్లా.
పెట్టెకేసి చూసి పెదవి విరిచాడు.
జెరోటిచ్ వాదించలేదు.
కాలిపర్ తీసి గీతల మధ్య దూరం కొలిచింది.
నూట ఇరవై మిల్లీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ.
డ్రాయింగులో నిండుగా నూట ఇరవై.
"గీతల్నే నమ్ముదాం," అంది.
ఆయన ఆఖరి గుక్క తాగి కప్పు నా చేతికిచ్చాడు.

మూసి చూడు, మొదటి మర తిప్పు.
తెరిచి చూడు, రెండో మర తిప్పు.
రెండోది కదిపితే మొదటిది కాస్త చెదురుతుంది,
మళ్ళీ మూయి, మళ్ళీ తెరువు.
ఆరుసార్లు. ఏడోసారి నా చెయ్యి లాగేసి
వెలుగు గోడ మీదికి పోయింది.
"టార్చి," అంది తలెత్తకుండా.

అప్పుడు మొదలైంది అసలు చిక్కు.
వాల్వ్ కదలట్లేదు, అంకె కదులుతోంది,
పైకి, కిందికి, నిద్రపోయే పసిపిల్ల పొట్టలా.
నేను భూకంపమేమో అన్నాను.
ఆమె పక్క పెట్టె మీద వేలు పెట్టింది.
ఇది సెకనుకి మూడువేల సార్లు కొట్టుకుంటుంది,
అది మూడువేల మీద ఒక చిటికె.
ఒకే రోట్లో లయ కలవని రెండు రోకళ్ళు.
జానెడు తీగముక్క తెచ్చి
దీన్నుంచి దానికి వేసింది.
ఇకమీదట ఇది కొడుతుంది, అది వింటుంది.
అంకె నిలబడింది.

మూతకి నాలుగు మిల్లీయాంపులు, బార్లాకి ఇరవై.
ఓలే న్కారు కళ్ళు చిట్లించాడు.
"అంతా మూసేశాక ఇంకా నాలుగేమిటమ్మా?"
జెరోటిచ్ ఒక తీగ పీకి చూపించింది. సున్నా.
"ఇది మూత కాదు, చావు.
మూసుకున్నా సరే, ఉన్నానని చెప్పాలి.
ఉలుకూ పలుకూ లేదంటే మనం పరిగెత్తాలి."
ఆయన చాలాసేపు ఆ సున్నాని చూశాడు.

ఆ వారం నుంచీ రాత్రి షిఫ్టులో
గంటకోసారి వాకీటాకీలో ఆయన గొంతు:
"న్నే."
స్వాహిలీలో నాలుగు.
విశేషాలేం లేవు, ఉన్నాను, అని.
మేం నవ్వుకునేవాళ్ళం. తర్వాత మానేశాం.
ఆ తర్వాత, అది వినపడ్డాకే చాయ్ పోసుకునేవాళ్ళం.

జూలైలో ఒక రాత్రి మూడయింది. మూడుంపావు.
వాకీటాకీలో ఏమీ లేదు.
జెరోటిచ్ హెల్మెట్ కూడా పెట్టుకోలేదు,
టార్చితో నేను ఆమె వెనక.

పదకొండో బావి దగ్గర, మడమ బెణికి,
గొట్టానికి వీపానించి కూచునున్నాడు,
బ్యాటరీ అయిపోయిన వాకీటాకీ ఒళ్ళో పెట్టుకుని.
ఆవిరి హోరులో ఒక్క ముక్కా వినపడలేదు.
టార్చి వెలుగులో పెదాలు మాత్రం కనిపించాయి,
ఆగకుండా కదులుతూ,
న్నే, న్నే, న్నే.